తలుపుల్లేని కబోర్డు

మాట పుట్టుక ఒక్కటి తెలిస్తే చాలు మాస్టారికి, ఇంట్లో మనుషులు ఏమైపోయినా ఫర్వాలేదు. రిటైరైన దగ్గర్నుంచీ ఇంగ్లీషు మాటల మూలాలు తవ్వి చీటీల మీద రాయడమే ఆయన ఉద్యోగం. ఆ చీటీలు మేజా సొరుగులో ఉంటాయి. ఇంట్లో తాళం ఉన్నది ఆ సొరుగుకే.

పాకే మనవడు వచ్చినప్పటినుంచీ మాస్టారి భార్యకు కంటిమీద కునుకు లేదు. బీపీ మాత్రలు, ఫినాయిలు అన్నీ వాడి చేతికందే ఎత్తులోనే. కబోర్డు చేయించమని నెల్లాళ్లు పోరింది. తీరా వడ్రంగి తలుపులు బిగించబోతుంటే మాస్టారు అడ్డుపడ్డారు.

“ఆగవయ్యా! కబోర్డంటే ఏమిటనుకున్నావు? కప్పులు పెట్టుకునే ఒట్టి చెక్క! తలుపులు తర్వాతెప్పుడో తగిలించారు. అసలు అర్థం ప్రకారం చెయ్యి.”

“అమ్మగారు తలుపులు కావాలన్నారు సార్.”

“ఆవిడకేం తెలుసు?”

ఏం తెలుసట! నలభై ఏళ్లుగా ఈ మహానుభావుడి కళ్లజోడు రోజుకు నాలుగుసార్లు వెతికిపెట్టే మనిషికి! వడ్రంగి తలుపులు గోడకు ఆనించి వెళ్లిపోయాడు.

మూడోరోజు పొద్దున మనవడి బుగ్గలో ఏదో కదిలింది. ఆవిడ ఒక్క ఉదుటున వాణ్ణి పట్టుకుంది. వేలుపెట్టి తీస్తే బీపీ మాత్ర, ఇంకా కరగలేదు. వాణ్ణి గుండెకు హత్తుకుని భోరుమంది.

“చూసుకోవద్దూ?” అన్నారు మాస్టారు, చీటీ మీంచి తలెత్తకుండా.

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. తాళంచెవి వేలాడుతున్న సొరుగు లాగి, చీటీలన్నీ కబోర్డు కింది అరలో కుమ్మరించింది. మాత్రలూ ఫినాయిలూ సొరుగులో పెట్టి తాళం వేసింది.

“ఏయ్, నా చీటీలు అక్కడేమిటి?”

“అసలు అర్థం ప్రకారం సర్దానండీ. పైచెక్క మీద కప్పులు. తక్కినవి కింద.”

మాస్టారు నోరు తెరిచేలోగా మనవడు గబగబా పాకివెళ్లి గుప్పెడు చీటీలు నోట్లో కుక్కుకున్నాడు. పదేళ్ల పాండిత్యం చొంగలో నానిపోయింది. మాస్టారు లబోదిబోమన్నారు. ఆవిడ తాపీగా ఆ తడిముద్ద వాడి నోట్లోంచి తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

“చూసుకోవద్దూ?” అంది.

చెప్పులైనా వేసుకోకుండా మాస్టారు పరుగెత్తి వడ్రంగిని వెంటబెట్టుకొచ్చారు.

“ఏ అర్థం ప్రకారం చెయ్యమంటారు సార్?”

“నోరు మూసుకుని తలుపులు బిగించవయ్యా!”

“తాళం కూడా పెట్టు నాయనా,” అంది ఆవిడ. “తాళంచెవి మాత్రం నా చేతికివ్వు.”