కన్నీళ్ళు తుడిచే ఆవు

"బీరు పలచన కానీకు లమవూసో, పిల్ల తరఫువాళ్ళు మొహమ్మీదే నవ్వుతారు" అని మా ఆయన కేకేశాడు. ఆయన మూడో పెళ్ళి మాట్లాడటానికి వచ్చేవాళ్ళ కోసం పొద్దున్నుంచీ జొన్న బీరు వడపోస్తున్నాను. ఎనిమిదేళ్ళ కిందట లగామాను చేసుకున్నప్పుడూ నేనే వడపోశాను. ఇప్పుడా లగామాయే నా పక్కన కూర్చుని జల్లెడ పట్టుకుంది.

"నా పెళ్ళికీ ఇంత చిక్కగా కాచావా అక్కా?"

"కాచి అందులో ఉమ్మేశాను కూడా."

ఇద్దరం పడీ పడీ నవ్వాం. అప్పుడే బావగారి గొంతు వినపడింది. "కన్యాశుల్కం కింద ఏడు పశువులే ఇస్తే ఎవడూ పిల్లనివ్వడ్రా. ఆ ఎర్రావునీ పెయ్యనీ కలిపి తోలెయ్."

ఎర్రావు నాది. నా కూతురు తెంగెటిలే పెళ్ళిలో వియ్యాలవారు పశువులన్నీ తండ్రికిచ్చి, దీన్ని మాత్రం నాకని విడిగా తోలుకొచ్చారు. కన్నీళ్ళు తుడిచే ఆవంటాం మేం స్వాజీలం. అది పిల్లను పెంచి పంపిన తల్లిది, మొగుడికి దానిమీద హక్కు లేదు. ఆ సంగతి అన్నదమ్ములిద్దరికీ తెలుసు. ఇరవై ఆరేళ్ళుగా నేను తవ్విన చేను ఆయనదయింది, మట్టి తొక్కి నేను మెత్తిన ఇల్లు ఆయనదయింది, నా మొక్కజొన్నలు అమ్మి లగామా ఇంటికి రేకులు వేయించాడు. అన్నిటికీ నోరు మూసుకుని పడివున్నాను. ఈ ఒక్కటీ మిగిలితే దానిమీదా కన్నేశారా? నాకు ఒళ్ళు మండిపోయింది.

చేతులు తుడుచుకుని వాళ్ళ ముందుకెళ్ళి నిలబడ్డాను. "ఆ ఆవు నాది."

"నీదైతే దొడ్లోకెళ్ళి తోలుకుపో, ఎవరొద్దన్నారు?" అన్నాడు మా ఆయన. బావగారు పగలబడి నవ్వారు. నవ్వరూ మరి! కోడలు అత్తింటి పశువుల దొడ్లో అడుగు పెట్టకూడదు, పెడితే చూలు గొడ్లు ఈచుకుపోతాయని పెళ్ళైన రోజే మా అత్తగారు చెప్పింది. నాలుగేళ్ళుగా నా ఆవును నేను కంచె ఇవతలి నుంచే చూసుకుంటున్నాను. అయితే ఆ కంచె మీంచి దానికి రోజూ చొప్ప అందించేదెవరో మగవాళ్ళిద్దరూ ఎన్నడూ చూడలేదు.

దొడ్డి వాకిలి అడ్డకర్రలు ఒక్కొక్కటే తీసి కింద పడేశాను. గడప దాటలేదు. నాలుకతో చప్పుడు చేసి పిలిచాను. ఎర్రావు తలెత్తి చూసి, మందను తోసుకుంటూ నా దగ్గరికొచ్చేసింది. వెనకాలే పెయ్య.

మా ఆయన లేచి నిలబడ్డాడు. "ఎక్కడికే? అవతల చుట్టాలొస్తుంటే నా పరువేం కాను?"

"మా అన్న ఇంటికి. ఆ బీరేదో మీరే వడపోసుకోండి."

ఆయన వాకిలి దగ్గరికొచ్చేలోపే లగామా పరుగెత్తుకొచ్చి, మిగతా పశువులు బయటికి రాకుండా అడ్డకర్రలు ఎత్తి వేసేసింది.

"నాకూ ఇద్దరు ఆడపిల్లలున్నారు అక్కా. నువ్వు పద."

మా పుట్టిల్లు ఆ కొండకు అవతల. అక్కడ నేను కోడల్ని కాదు, కూతుర్ని. నా ఆవును దొడ్లోకి నేనే తోలుతాను.