మేకుకు వదిలిన చోటు

అయినా తను కాదని ఎందుకు అనలేకపోయింది? ఉల్లిపాయలు తరుగుతూ ఆమె అదే ఆలోచిస్తోంది. నోట్లో నాలుక లేని మనిషేం కాదు తను. క్యాంపు వంటమనిషి జ్వరమని రాలేదు. అడవిలోకి బయల్దేరుతూ బూట్లు బిగించుకుంటున్న ముగ్గురు మగవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, తిన్నగా ఆమె మొహమే చూశారు.

"ఈ ఒక్క పూటా మీరు చూసుకోండి మేడం," అన్నాడు చెట్ల సర్వే బృందం పెద్ద. "ఆడచెయ్యి పడితే ఆ రుచే వేరు."

"మరి నా ప్లాటో?"

"చెట్ల చుట్టుకొలత రాసుకోవడమేగా. మేం రాస్తాం లెండి."

"అన్నం ముద్ద చెయ్యకండేం అక్కా," అన్నాడు అందరిలోకీ చిన్నవాడు, నవ్వుతూ.

ఇంట్లో భర్త అన్నదీ ఇంచుమించు ఇదే. "చెట్లు కొలవడమేగా, ఎవరైనా కొలుస్తారు. పిల్లకి జడ ఎవరు వేస్తారు?" వానలు వెనకబట్టాక ఏడాదికొకసారి వచ్చే ఈ కొద్ది రోజుల కోసం ఆమె ఇంటెడు వంటా ముందే వండి, డబ్బాలకెత్తి, ఏది ఏ రోజుదో పైన రాసి అతికించి వచ్చింది. గుమ్మం దాటుతుంటే అత్తగారు అన్నారు: "వెళ్లిరా తల్లీ. ఇల్లెక్కడికి పోతుంది, అంట్లెక్కడికి పోతాయి." అందులో వెటకారమెంతో, ఆవిడ సొంత అనుభవమెంతో ఆమెకి ఇప్పటికీ తేలలేదు.

ఎసరు మరిగింది. బియ్యం పోసింది.

ఏటా చెట్లు ఎంత పెరిగాయో కొలవడానికి కొండవాలు మీద హద్దులు పెట్టుకున్న అడవి ముక్క ఆ ప్లాటు; అందులో ప్రతి చెట్టుకీ నంబరు రేకు కొట్టింది ఆమే. మేకు లోపలికంటా దిగగొట్టకూడదు. చెట్టు లావెక్కడానికి కాస్త చోటు వదలాలి. ఏటా వచ్చి మేకును మళ్లీ కొంచెం బయటికి లాగాలి. కాన్పనీ, పసిబిడ్డనీ మధ్యలో కొన్నేళ్లు ఆమె రాలేదు. తిరిగొచ్చేసరికి ఒక చెట్టు బెరడు మేకునీ రేకునీ కలిపి మింగేసింది. నంబరు కనబడలేదని దాన్ని చచ్చిన చెట్ల కింద రాసుకుపోయారు. అదేమో ఒళ్లంతా చిగుళ్లతో నిలబడి ఉంది. దాని మీద చెయ్యి వేసినప్పుడు ఆమెకి జాలి కలగలేదు, భయం వేసింది.

తలెత్తి చూస్తే, మేకులు లాగే సుత్తి బల్ల మీదే ఉంది. మరిచిపోయి వెళ్లారు. వాలు ఎక్కుతున్న వాళ్ల మాటలింకా వినబడుతున్నాయి, కేకేస్తే వెనక్కొచ్చి తీసుకెళ్తారు.

ఆమె కేకెయ్యలేదు. మూత తీసి చూసింది. మెతుకు సగమే ఉడికింది. పెళ్లయిన నాటి నుంచి ఏనాడూ చెయ్యని పని అది: అలాగే పొయ్యి ఆర్పేసి, సుత్తి తీసుకుంది.