మాదేశ్ పెట్టెకు ఆయుధపూజ

పవిత్ర కుట్టుమిషను వీధిగదిలోంచి వంటింటి వెనక వసారాలోకి పోయింది. ఉద్దనపల్లి ఆడవాళ్ల జాకెట్లలో సగం కుట్టిన మిషను అది. దాని చోట ఇప్పుడు గోడకు ఇంతింత టీవీలు, వాటి ముందు నున్నటి కుర్చీలు. మొగుడు అనంతకుమార్ పెట్టబోయే ఆటల అంగడి. దీనికి కంప్యూటర్లు అక్కర్లేదట. ఆట ఎక్కడో దూరాన పెద్ద మిషన్లలో నడుస్తుందట, బొమ్మ మాత్రం వైరులో ఇక్కడికి వస్తుందట. ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఈ కథ చెప్పి ప్రాణం తీస్తున్నాడు.

ఆ వైరు సంగతి పవిత్రకు తెలియదా? కేబుల్ మాదేశ్ తన ఇంట్లోని ఇంటర్నెట్ పెట్టె నుంచి లాగిన వైరు. కరెంటు స్తంభం నుంచి కొబ్బరిచెట్టుకు, అక్కడి నుంచి పక్కింటి సుబ్బక్క మిద్దెకు, ఆమె బట్టల తీగ పక్కనే వేలాడుతూ వస్తుంది. ఊరంతటికీ అదే దిక్కు. సాయంత్రమైతే ఫోనులో వంకాయ కూర వీడియో కూడా కదలదు. దాని మీద ఈయన కార్ల పందేలు ఆడిస్తాడట, మహానుభావుడు!

"ఆటల కంపెనీ మేడం వచ్చి, ఆడి చూసి సరే అనిందంటే గది నాది. కాదనిందంటే నీ మిషను నువ్వు తెచ్చి పెట్టుకో" అన్నాడు పందెం కాసినట్టు. పవిత్ర మూతి విరిచింది గానీ, ఆ మాటను మాత్రం కొంగున ముడేసుకుంది.

మంచిరోజని ఏరికోరి ఆయుధపూజ నాడే మేడాన్ని రప్పించాడు. హోసూరు ఆఫీసు నుంచి నాగజ్యోతి వచ్చింది. టీవీలకు గంధం, కుంకుమ, చామంతి దండలు. గుమ్మడికాయ పగలగొట్టి, బొరుగులు పంచి, పెళ్లికొడుకులా స్విచ్చి వేశాడు. తెర నల్లగా ఉండిపోయింది. వైర్లు పీకి పెట్టాడు. ఫలితం లేదు. చెమటలు కక్కుతూ మాదేశ్‌కు ఫోను చేసి స్పీకరులో పెట్టాడు.

"లైను యాడప్పా?"

"పెట్టె పూజలో ఉండాది కదప్పా! ఈ దినం పనిముట్టు ఆడించకూడదు. ఆపి, తుడిచి, కుంకం పెట్టినాను."

"ఈ దినమే నా అంగడి ఓపెనింగ్ అని చెప్పినాను కదా!"

"చెప్పినావు. పెట్టెకు పూజ బాగా చెయ్యి, నా అంగడి దాని మీదే నిలబడాల అని పొద్దున నువ్వే అంటివి. దండ కూడా వేసినాను."

పవిత్ర నవ్వు దాచుకోలేదు. ఎందుకు దాచుకోవాలి?

కాళ్లావేళ్లా పడితే మాదేశ్ పెట్టె వేశాడు. బొమ్మ వచ్చింది. కానీ పండగపూట ఊరంతా ఇళ్లలోనే ఉంది, అందరి చేతిలోనూ ఫోనే. నాగజ్యోతి కారును కుడికి తిప్పింది. కారు తీరిగ్గా ఆలోచించుకుని, గోడను గుద్దుకున్నాక కుడికి తిరిగింది. మళ్లీ ఆడింది. ఈసారి వంతెన మీంచి ఎగిరి గాల్లోనే ఆగిపోయింది.

"ఒక నిమిషం మేడం, వస్తాది" అన్నాడు అనంతకుమార్.

"ఆగి ఆగి ఆడితే అది ఆటెలా అవుతుందండీ? ఈ లైనుతో కుదరదు" అని నాగజ్యోతి బ్యాగు తీసుకుంది.

అతను గాల్లో ఆగిన కారునే చూస్తూ కూర్చున్నాడు. పవిత్రకు జాలి వేయలేదు. ఒళ్లంతా సంతోషంగా ఉంది. అయినా తన మిషనూ పూజలోనే ఉంది కాబట్టి ఆ రోజు దాన్ని ముట్టలేదు.

మర్నాడు విజయదశమి. పొద్దున్నే మొగుణ్ని లేపి మిషను ఒక పక్క పట్టమంది. ఇద్దరూ మోసుకొచ్చి వీధిగదిలో పాత చోటే దించారు. టీవీ మెడలోని దండ తీసి పవిత్ర మిషనుకు వేసింది.

"ఇంకా మంచి లైను వస్తాదంట. అంతదాకా టీవీలు ఈడే ఉండనీ" అని గొణిగాడు.

"వస్తే రానీ. అంతదాకా వసారాలో పెట్టుకో."

ఆమె కూర్చుని మిషను తొక్కింది. అది ఆలోచించుకోలేదు. తొక్కగానే కదిలింది.