లేవండి, ఆ కుర్చీలు మావి

అద్దానికి అటు, గాజుపెట్టెలో నెలలు నిండని ఆడబిడ్డ. ఇటు, కుట్టుపని చేసుకు బతికే తల్లి. పాలు చేపి జాకెట్టు తడిసిపోతున్నా కదలదు. బిడ్డ తూకం మళ్ళీ తగ్గిందని పొద్దున చెప్పారు గానీ, ముట్టుకోనివ్వలేదు. ఆ వార్డు ఆయాను నేను. చూస్తుంటే నా కడుపు మండిపోయింది.

పోయినేడు ఈ వార్డులోనే పరిశోధన చేశారు. వెనక్కి వాలే కుర్చీలు వేసి, తల్లుల్ని కూర్చోబెట్టి, బిడ్డల్ని రొమ్ము మీద ఒంటికి ఒళ్ళు ఆనేలా కట్టారు. ఆ వెచ్చదనానికి పిల్లలు నిలదొక్కుకున్నారు. చావులు తగ్గాయి. దాని మీద పెద్ద డాక్టరు రాసిన పుస్తకం అచ్చయింది. ఆపైన తల్లులు బయటికి, కుర్చీలు మీటింగు హాలుకి. ఏరు దాటాక తెప్ప తగలేశారు.

"తల్లులొస్తే వార్డు మురికవుతుందట. నేను అడిగి చూశానమ్మా," అంది నర్సమ్మ.

"పోయినేడు లేని మురికి ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది?" అంది ఇటుకబట్టీలో పనిచేసే ఒక తల్లి.

"ఎదురు తిరిగితే బిడ్డతో సహా గెంటేస్తారక్కా," అని ఇంకో తల్లి వణికింది.

"ఒక్కదాన్నయితే గెంటుతారు. అందరం వెళ్దాం పదండి," అంది ఇటుకబట్టీ ఆమె.

ఆ రోజే హాల్లో పెద్ద డాక్టరుకు సన్మానం, ఆ పుస్తకం రాసినందుకే. అతిథులు మా కుర్చీల్లో వాలి కూర్చున్నారు. తల్లులు, ఆయాలు, డాక్టరు చదువు చదివే పిల్లలు, అందరం లోపలికి నడిచాం.

కుట్టుపనామె ముందు వరుసలోని పెద్దమనిషి ఎదుట నిలబడింది. "లేవండి బాబూ. ఈ కుర్చీ నా కూతురిది."

ఆయన లేచాడు.

"ఏంటీ గోల? మీకేం తెలుసని వచ్చారు?" అన్నాడు పెద్ద డాక్టరు.

"ప్రతి తల్లికీ ఈ వైద్యం అందాలని మీరే రాశారు సార్," అంది ఒక విద్యార్థిని. "అది చదివే వచ్చాం." అంటూనే కుర్చీ భుజానికెత్తుకుంది.

పోలీసులు వచ్చేసరికి తల్లులంతా వార్డులో ఉన్నారు, రొమ్ముల మీద బిడ్డలతో. నర్సమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "చెప్పులు బయట విడవండి. మోచేతుల దాకా చేతులు కడుక్కోండి. లోపల పసిపిల్లలున్నారు."

వాళ్ళు బూట్లు విప్పలేదు. నర్సమ్మనే పట్టుకుపోయారు. పోతూ పోతూ వార్డు తాళంచెవి నా చేతిలో పెట్టింది. "తలుపు మూయకు పిన్నీ," అంది.

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. వెనక్కి చూస్తే కుట్టుపనామె బిడ్డ తల్లి గుండె మీద గుప్పిళ్ళు బిగించి నిద్రపోతోంది. మెట్ల మీద పక్క వార్డు ఆడవాళ్ళు, మిగిలిన కుర్చీలు మోసుకుంటూ ఎక్కి వస్తున్నారు. నేను గుమ్మంలో నర్సమ్మ చోట నిలబడ్డాను. వాళ్ళను చెప్పులు విడిచి రమ్మన్నాను.