దర్జీ చేతి వరస

ఎంత పని చేశావే మహాతల్లీ, నీకు పోసింది మంచినీళ్ళే కదా, మందు తాగినవాళ్ళు మూలుగుతుంటే నువ్వేమిటి కొత్తపెళ్ళికూతురిలా నిగనిగలాడుతున్నావు అని తలుపు పక్క వరసలో చిక్కుడు మొక్కని నిలదీసింది డాక్టరమ్మ, డాక్టరమ్మంటే మొక్కల డాక్టరే, వీధిలో ఎవరైనా జ్వరమని చెయ్యి చాపితే మీకు తీగ ఉంటే చాపండి, నాడి చూస్తాను అంటుంది, ఆకు తిరగేసింది, అడుగున పేనుబంక పురుగు ఒక్కటంటే ఒక్కటి లేదు, పోల్చి చూడ్డానికి అవతలి గోడ పక్క వరసకీ మంచినీళ్ళే, అక్కడ చూడబోతే గుప్పెడు ఆవాలు చల్లినట్టు పురుగులు, కాండానికి మూతులు గుచ్చి రసం జుర్రుకుంటూ, ఆకులు ముడుచుకుపోయి, పోనీ అది న్యాయం, లెక్క ప్రకారం అలాగే ఉండాలి, నడిమి వరసలకి తను మూడేళ్ళు ఉడికించి వడకట్టిన ఆకు కషాయం కొట్టింది, అక్కడ పురుగు సగానికి సగం తగ్గింది, సగమంటే మాటలా, ఊరేగించదగ్గ సగం, మరి ఈ తలుపు పక్కది ఏ మందూ లేకుండా ఆ కషాయం ముక్కు కోసేసిందే, పైగా పొట్టిది, మిగతావి నడుమెత్తు ఉంటే ఇది మోకాలెత్తు, కాండం మాత్రం వస్తాదు మెడ, ఇంకాసేపట్లో పరిశోధన చూడ్డానికి డైరెక్టర్ గారొస్తారు, మీ మందుకంటే మంచినీళ్ళే నయమన్నమాట అని నవ్వుతారు, ఆ నవ్వుతోనే ఈ గాజు గదికి తాళం పడుతుంది.

పీకేస్తేనో, మట్టి తడిగానే ఉంది, నాలుగు గుంజులు గుంజితే వరస మాయం, అడిగితే వేరుకుళ్ళు తగిలిందనొచ్చు, మొక్కలు సాక్ష్యం చెప్పవు, ఛీ, ఎంత నున్నగా వస్తోందీ అబద్ధం, మా ఆయన కోతల్లాగా, ఆయనవి వేరులే, దర్జీ మనిషి, గుడ్డా కోస్తాడు, కోతలూ కోస్తాడు, మా తాత కుట్టిన చొక్కా ఎంత గట్టిదంటే తొడుక్కున్నవాడు రెండుసార్లు చిరిగాడు గానీ చొక్కా చిరగలేదోయ్ అనేవాడు, కొత్తలో నమ్మింది కూడా, సాయంత్రమయ్యేసరికి కొట్టు మూసి తనని తీసుకెళ్ళడానికి వస్తాడు, అదిగో అనుకున్నంతా అయింది, తలుపు దగ్గరే నిలబడి ఏమోయ్ శాస్త్రవేత్తగారూ, మీ పురుగులంతా కులాసాయేనా, మొహం అలా అరిగిన బొత్తాంలా ఉందేం, ఊరుకోండి మీకు తెలీదు, నాకా, నాకు తెలీనిదేముందీ, సింహానికి లాగు కుట్టినవాణ్ణి, నిలబడి కొలతిచ్చిందా, ఇవ్వకేం, నడుం దగ్గర కాస్త వదులుగా పెట్టమని బతిమాలింది కూడా, నవ్వొచ్చింది, ఈ వేళప్పుడు నవ్వేమిటి, ఎటో చూస్తూ మాట్లాడుతూనే ఉన్నాడు, చెయ్యి మాత్రం ఆకు మీద ఉంది.

బొటనవేలూ చూపుడువేలూ, నడుమ ఆకు, మెల్లిగా రాసి వదిలి పక్క ఆకు, అది రాసి ఆ పక్కది, కొట్లో గుడ్డ నాణ్యం చూసినట్టు, ఆరేసిన దుప్పటి కనిపిస్తే వదలడు, బస్సులో ఎవరిదో కోటు అంచు పట్టుకుని తిట్లు తిన్నాడు, ఏమండీ, ఏం చేస్తున్నారు మీరు, ఏం చేశానూ, నిలబడ్డాను, చేత్తోనండీ, ఓహో ఇదా, ఊసుపోక రోజూ చూస్తుంటానోయ్, మొదట్లో మల్లు గుడ్డలా ఉండేది, ఇప్పుడు కాన్వాసు, సూది దిగదు, సూది దిగదు, అయ్యో రామా, పురుగు మూతీ సూదే కదా, రోజూ ఎవరో మీద పడుతున్నారనుకుని మొక్క పొడుగు మానేసి తోలు దళసరి చేసుకుంది, గాలి కొట్టే చోట చెట్టు గిడసబారి గట్టిపడినట్టు, చదివిందీ తనే, మరిచిందీ తనే, మూడేళ్ళ పనిని రెండు వేళ్ళతో నలిపేశారు కదండీ, అనేసరికి చప్పున చేతులు రెండూ వీపు వెనక దాచుకున్నాడు.

ఈ వరసకేం వేశారమ్మా, డైరెక్టర్ గారు ఎప్పుడొచ్చారో వంగి చూస్తున్నారు, వేరుకుళ్ళు నాలిక చివరిదాకా వచ్చింది, మా ఆయన్ని వేశానండీ అంది, ఆయనకి అర్థం కాలేదు, ఎవరికవుతుంది, అంతా చెప్పింది, ఈ వరస చెడిందండీ, లెక్కలోకి రాదు, కషాయం సగమే ఆపుతుంది, చెయ్యి ఇంకా ఎక్కువ ఆపేట్టుంది, తాకినవీ తాకనివీ వేరు వేరుగా మళ్ళీ మొదటినుంచి వేయాలి, ఇంకో పంటకాలం ఇప్పించండి, డైరెక్టర్ గారు దర్జీని ఎగాదిగా చూసి, ఈయన ఊళ్ళోనే ఉంటారా, ఉంటే వేయండి అన్నారు, వెళ్ళిపోయారు, ఇంత చెప్పినా ఒక్క మాట తడబడలేదు, అదేమిటి, ఒకప్పుడు ఎవరైనా గట్టిగా పలకరిస్తేనే కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషి తను, ఇప్పుడింత ధైర్యం ఎక్కణ్ణించి వచ్చింది, చదువు ఇవ్వలేదు, వయసూ ఇవ్వలేదు, పక్కన ఇంకా చేతులు దాచుకునే నిలబడ్డాడు పిచ్చిమహారాజు, ఇన్నేళ్ళూ జబ్బ గిల్లీ, ఆట పట్టించీ, అబ్బ వదలండీ అని తను విసుక్కుంటుంటే మళ్ళీ గిల్లీ, ఆ గట్టిదనం అంతా ఇతగాడి తాకిడే.