వైర్‌లెస్ సెట్టుకి గట్టి చోటు

మా అన్నయ్య తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. శాఖ వాణ్ణి వదిలేసింది గాని వాడు శాఖని వదల్లేదు. వదిన మనవరాలిని చూసుకోవడానికి కూతురి దగ్గరికి వెళ్ళడంతో, ఒక్కడూ ఉండలేక మా ఇంటికొచ్చాడు. వచ్చిన రోజే వంటింట్లో నిలబడి, నేను పంచదార కొలిచే గ్లాసు అంచు సొట్టపడిందని తేల్చాడు. మర్నాడు గోడగడియారం వంకరగా ఉందన్నాడు. ఆ మర్నాడు నేనే కొంచెం వంకరగా నిలబడుతున్నానన్నాడు.

మా ఆయనకి సొంత లారీ ఉంది. కొండమీది క్వారీ నుంచి కంకర దింపుతుంటారు. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కారు. క్యాబిన్‌లో ఒంటరిగా కూర్చుని, ఇంజన్ చప్పుడు వింటూ, ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేకుండా గంటలు గంటలు గడపడమే ఆయనకి తెలిసిన సుఖం. అది తెలిసి కూడా అన్నయ్యని ఆ క్యాబిన్‌లోకి ఎక్కించింది నేనే.

అన్నయ్యతో, ఈమధ్య ఈయనకి స్టీరింగు దగ్గర కునుకు పడుతోంది, పక్కన పెద్దవాడివి నువ్వుంటే నాకు ధైర్యం అన్నాను. మా ఆయనతో, అన్నయ్య మొహం చిన్నబుచ్చుకుని కూర్చుంటున్నాడు, అలా నాలుగు రోజులు తిప్పితే కుదుటపడతాడు అన్నాను. రెండూ అబద్ధాలే. కాకపోతే రెండూ ఆప్యాయంగా చెప్పినవి.

దాంతో పొద్దున్నే ఇద్దరూ లారీలో వెళ్ళిపోయేవారు. ఇల్లు నాది. గ్లాసు సొట్ట కూడా నాదే. సాయంత్రం మా ఆయన దిగేసరికి చెవులు ఎర్రగా ఉండేవి. టైర్లలో గాలి, కంకర బరువు, హారన్ కొట్టాల్సిన పద్ధతి, అన్నీ అన్నయ్య దారి పొడుగునా వివరించేవాడట. ఆయన నా వంక ఒక చూపు చూసేవారు. నేను కూర కలుపుతూ ఉండేదాన్ని.

అలా ఉండగా క్వారీ కంపెనీ వాళ్ళు ప్రతి లారీకీ ఒక వైర్‌లెస్ సెట్టు ఇచ్చారు. కొండదారి ఒక్క బండికే సరిపోతుంది. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు ఎక్కడున్నారో మలుపు మలుపుకీ మైకులో చెప్పుకోవాలన్నమాట. ఒక డ్రైవరు తన సెట్టుని టేపుతో డాష్‌బోర్డు మీద అంటించుకున్నాడు. మొదటి గుంతలోనే అది ఊడి, దొర్లి, బ్రేకు పెడలు కింద ఇరుక్కుంది. బండిని కొండకి రాసుకుంటూ ఎలాగో ఆపాడు. దాంతో సూపర్‌వైజరు మంగళవారం నుంచి ఒక రూలు పెట్టాడు. తను రెండు చేతులతో పట్టి లాగుతాడు, సెట్టు కదిలితే ఆ బండి కొండెక్కదు.

ఆదివారం మా ఆయన ఇంటి ముందే లారీ ఆపి పని మొదలుపెట్టారు. మామూలుగా రిపేరు పనంటే విసుక్కునే మనిషి, ఆరోజు కూనిరాగం తీస్తున్నారు. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

"బావగారూ, ఒక్కసారి మీ సీట్లో కూర్చుంటారా?" అని అన్నయ్యని మర్యాదగా పిలిచారు. అన్నయ్య ఎక్కి కూర్చున్నాడు. మా అన్నయ్య మంచి పొడగరి. మా ఆయన టేపు తీసి, అన్నయ్య మోకాలు దగ్గర్నుంచి డాష్‌బోర్డు దాకా కొలిచి, అక్కడ రేకు మీద సుద్దముక్కతో గీత గీశారు. కొలతంటే ప్రాణం కాబట్టి అన్నయ్య ఎందుకని అడగలేదు. టేపు వదులుగా పట్టుకున్నారని మాత్రం చెప్పి దిగిపోయాడు.

వైర్‌లెస్ సెట్టు బిగించడానికి మనిషి మోకాలు కొలవాలని నేను డిగ్రీలో ఎక్కడా చదవలేదు. ఫిజిక్సు చదివినందుకు నాకు దక్కిన హోదా టార్చిలైటు పట్టుకోవడం. అది పట్టుకునే అడిగాను.

"అంత దూరంగా ఎందుకండీ? మధ్యలో పెడితే మీ చేతికి అందుతుందిగా."

"మధ్యలో అంతా ప్లాస్టిక్కే. కుదుపులకి పగిలిపోతుంది. ఇక్కడైతే ఇనప రేకు. గట్టి చోటు."

"అన్నయ్య కాళ్ళెక్కడ పెట్టుకుంటాడు మరి?"

ఆయన డ్రిల్లు ఆపి, అప్పుడే నిద్రలేచిన పసివాడిలా నావైపు చూశారు. "అరే, నాకా సంగతే తట్టలేదు సుమా. పోనీలే, ఇంట్లో ఉంటారు. నీకూ కాలక్షేపం."

ఇంతకాలం కాపురం చేశాను. ఆయన ఇంత ముందుచూపు గల మనిషని నాకు తెలియదు.

పనికి మాత్రం వంక పెట్టడానికి లేదు. రేకు వెనక వైర్లేమైనా ఉన్నాయేమోనని ముందు చెయ్యి పెట్టి తడిమారు. సన్నటి బిట్టుతో ఒక బెజ్జం వేసి, ఆ తర్వాతే పెద్దది వేశారు. బరువంతా పల్చటి రేకు మీద పడకుండా వెనకవైపు ఒక ఇనప పట్టీ పెట్టారు. కుదుపు సెట్టుకి తగలకుండా రబ్బరు వాషర్లు వేశారు. పైన అదురుకి వదులు కాని లాక్ నట్లు బిగించారు. బ్యాటరీ నుంచి తెచ్చిన తీగకి ఫ్యూజు వేసి, ఎక్కడా రాసుకోకుండా క్లిప్పులు కొట్టారు. పెళ్ళయిన కొత్తలో నేను బిగించమని అడిగిన అటక బల్ల ఇప్పటికీ గోడకి ఆనించే ఉంది. ఆ మాట అప్పుడు అనలేదు, తర్వాతికి దాచుకున్నాను.

సోమవారం అన్నయ్య లారీ ఎక్కి, తర్వాతి మలుపులోనే మోకాలు కొట్టుకుని, దిగి నడిచి వచ్చేశాడు. ఆ ఒక్క రోజులో వాడు నా డబ్బాలన్నీ ఎత్తుల వారీగా సర్దాడు. ఏ డబ్బాలో ఏముందో తెలియక కాఫీలో కారం పడబోయింది. నేను కొన్న వంకాయల్ని తూచి, తరుగు వచ్చిందని ఆ కూరలవాణ్ణి వెతుక్కుంటూ వీధి చివరిదాకా వెళ్ళాడు. మధ్యాహ్నం నేను నడుం వాలిస్తే, పగటి నిద్ర ఎంతసేపు ఉండాలో గుమ్మంలో నిలబడి చెప్పాడు. సాయంత్రం మా ఆయన తెల్లటి చెవులతో దిగి, "ఎలా గడిచింది?" అని అడిగారు. "బ్రహ్మాండంగా" అన్నాను.

వదిన ఇప్పట్లో వచ్చేలా లేదు. అన్నయ్య ఎక్కడుంటాడన్నది ఆ సీటుని బట్టే ఉంది. లారీలో ఉంటే ఆయన చెవులు, ఇంట్లో ఉంటే నా ప్రాణం.

సూపర్‌వైజరు తనిఖీ మర్నాడు పొద్దున్న మా గేటు ముందే జరిగింది. మా ఇల్లు కొండ మొదట్లో, కిందినుంచి తొలి మలుపు మీద ఉంటుంది. బండ్లన్నీ అక్కడ ఆగే పైకి వెళతాయి. మా ఆయన బండి వంతు వచ్చింది. సూపర్‌వైజరు సెట్టుని రెండు చేతులా పట్టుకుని లాగాడు. కాలు తన్నిపెట్టి లాగాడు. లారీ ఊగింది గాని సెట్టు ఊగలేదు. "ఇదీ బిగించడమంటే" అని మిగతా డ్రైవర్లకి చూపించాడు. మా ఆయన వినయంగా నేల చూపులు చూశారు.

అప్పుడు నేను మంచినీళ్ళ గ్లాసు పట్టుకెళ్ళాను.

"బాగా దాహంగా ఉన్నట్టుంది, తీసుకోండి. నాకు తెలియక అడుగుతాను, బండి నడుపుతూ మా ఆయన ఆ మైకు అందుకోవాలంటే వంగాలి కదా. ఆయన వంగినప్పుడు రోడ్డుని ఎవరు చూస్తారండీ?"

సూపర్‌వైజరు తాగుతున్న నీళ్ళు ఆపాడు. మా ఆయన్ని సీట్లో కూర్చోబెట్టి, ముందు అద్దం మీంచి చూపు తిప్పకుండా మైకు తియ్యమన్నాడు. మా ఆయన మనిషి పొట్టి, చేతులు ఇంకా పొట్టి. ఎంత సాగినా జానెడు దూరంలో గాలిని పట్టుకుంటున్నారు. ముఖం మాత్రం అద్దం వైపే పెట్టారు, పాపం.

"ఇది కుదరదు. విప్పి దగ్గరగా పెట్టుకుని రేపు రా. లేదంటే మైకు పట్టుకోవడానికి పక్కన మనిషి ఉండాలి" అన్నాడు సూపర్‌వైజరు.

ఆ లాక్ నట్లు విప్పడం ఎంత పనో బిగించిన మనిషికే తెలుసు. ఆయన నోరు తెరిచేలోగా నేనే అన్నాను.

"మనిషి ఉన్నాడండీ."

అన్నయ్య అప్పటికే చేతిసంచీతో గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

మోకాళ్ళ సంగతి కూడా వాడే తేల్చుకున్నాడు. కాళ్ళు ముందుకి పట్టవు కాబట్టి పక్కకి తిరిగి, పూర్తిగా మా ఆయన వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. ఇదివరకు మాటలు ఒక్క చెవిలోనే పడేవి. ఇప్పుడు ఎదురుగా ప్రసంగం. పైగా చేతిలో మైకు. బండి కదులుతుంటే మా ఆయన నన్ను చూసిన చూపుకి పేరు పెట్టలేను గాని, అందులో కొంత గౌరవం కూడా ఉంది.

వారం తిరక్కుండా కొండమీద డ్రైవర్ల మాట తీరే మారిపోయింది. అంతకుముందు "వస్తున్నా", "వచ్చేశా" అనేవాళ్ళు. "ఎవరు వస్తున్నారు? ఎక్కడికి? లోడుతోనా, ఖాళీగానా?" అని అన్నయ్య ఒక్కొక్కణ్ణీ నిలదీశాడు. సరిగ్గా చెప్పేదాకా మైకు వదిలేవాడు కాదు. డ్రైవర్లు తిట్టుకున్నారు, కానీ ఎదురెదురు పడడం మానేశారు. సూపర్‌వైజరు అన్నయ్యని 'మాస్టారూ' అనడం మొదలుపెట్టాడు.

అయితే మా ఇంటి ముందు మలుపు దగ్గర మాత్రం కొండ అడ్డమొచ్చి, పైవాళ్ళ మాట కిందివాళ్ళకి వినపడేది కాదు. ఒకరోజు రెండు బండ్లు అక్కడే ముక్కూ ముక్కూ ఆనించి నిలబడ్డాయి. ఎవరు వెనక్కి వెళ్ళాలో తేలక పూటంతా రోడ్డు మూసుకుపోయింది. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూ కూరలు తరుక్కున్నాను. ఆ కిటికీ అంత మంచిదని అప్పటిదాకా గర్వపడేదాన్ని.

సూపర్‌వైజరు వచ్చి తల పట్టుకున్నాడు. ఈ మలుపు రెండువైపులా కనపడేచోట ఒక సెట్టు పెట్టి, పైవాళ్ళకీ కిందివాళ్ళకీ కబురు చెప్పే మనిషి ఉంటే గాని లాభం లేదన్నాడు. ఎక్కడ పెట్టాలో, ఎవరిని పెట్టాలో తోచడం లేదన్నాడు.

మా ఆయన ఎప్పుడూ ఎవరి మధ్యలోనూ మాట్లాడరు. ఆరోజు మాట్లాడారు.

"మా వంటింటి కిటికీలోంచి రెండువైపులా కనపడుతుంది సార్." నావైపు తిరిగి, నా గొంతుతోనే అన్నారు. "మనిషి ఉన్నాడండీ."

ఆ సాయంత్రమే లారీలో సెట్టు విప్పారు. ఆ లాక్ నట్లతో చాలాసేపు కుస్తీ పట్టి, చెయ్యి చాచితే అందేలా మధ్యలో బిగించుకున్నారు. ప్లాస్టిక్కు వెనక కూడా పట్టీ వేస్తే గట్టిగానే ఉంటుందని అప్పుడు తెలిసిందట ఆయనకి. కొత్త సెట్టు మా వంటింటి గోడకి, కిటికీ పక్కన, పొయ్యికి దగ్గరగా. అదే పట్టీ, అవే రబ్బరు వాషర్లు, అదే కూనిరాగం. టార్చిలైటు నేనే పట్టుకున్నాను.

"ఊడిపోదు కదా?" అన్నాను ఆశగా.

"ఈ గోడ పడినా అది ఊడదు. గట్టి చోటు" అన్నారు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా అన్నయ్య కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. మైకు నొక్కి పట్టుకునే నాతో మాట్లాడడం వాడికి అలవాటైంది. "కింద మలుపు ఖాళీ, లోడుబండి రావచ్చు. చెల్లాయ్, కూరలో ఉప్పు ఇంకొంచెం." కొండమీద డ్రైవర్లందరికీ మా ఇంట్లో ఏ కూరో, అందులో ఏం తక్కువో తెలుసు. మా ఆయన మధ్యాహ్నం ముందే సిద్ధపడి భోజనానికి వస్తున్నారు. ఆయన చెవులు తెల్లగా ఉంటున్నాయి.

రూలు ప్రకారం కొండ మీద ఉన్నంతసేపూ ఏ బండిలోనూ సెట్టు ఆపెయ్యకూడదు. భోజనమయ్యాక అన్నయ్య కాసేపు కునుకు తీస్తాడు. పగటి నిద్ర ఎంతసేపు ఉండాలో వాడికి కచ్చితంగా తెలుసు. ఆ కాసేపు మైకు నా చేతికొస్తుంది. ముందు కిటికీలోంచి రెండువైపులా చూసి, మలుపు ఖాళీ, రావచ్చు అని పద్ధతిగా చెబుతాను.

ఆ తర్వాత ఇంకా మైకు నొక్కి పట్టుకునే, "ఏవండీ, ఆ అటక బల్ల సంగతి" అని మొదలుపెడతాను.