రంగు సరిగా రాలేదని నన్నంటారు

నేను ఒక ఇంక్‌జెట్ ప్రింటర్‌ని, అందులోనూ ఫోటోలు అచ్చు తీసేదాన్ని. కడుపులో ఆరు రంగుల సిరా మోస్తూ మనుషుల మొహాలు కాగితం మీదికి దించడం నా పని. ఈ పనిలో మెప్పు దొరుకుతుందని ఎవరైనా అనుకుంటుంటే వాళ్లు నా పక్కన ఒక్క పూట కూర్చుంటే చాలు. మొహం ఎర్రగా వస్తే తప్పు నాది, పచ్చగా వస్తే తప్పు నాది, ఉన్నది ఉన్నట్టు వస్తే మరీ పెద్ద తప్పు. అద్దాన్ని కూడా మనుషులు ఇంతగా తిట్టరు.

ఎక్కడో సముద్రం అవతల ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. అక్కడొక అమ్మాయి నా చేత పళ్ల బుట్ట బొమ్మ తీయించి, దాన్ని అసలు బొమ్మ పక్కన పెట్టి చూసి, బాగుందన్నట్టు తలాడించింది. నా పనిని అసలుతో పోల్చి చూసిన మనిషి ఆ తరవాత చాలాకాలం నాకు తగల్లేదు.

నన్ను మొదట కొన్నది గుంటూరులో జెరాక్సు కొట్టు నడిపే ఏడుకొండలు. మనిషి మంచివాడే, కానీ సిరా దగ్గర పరమ పిసినారి. డబ్బాతో వచ్చిన సిరా అయిపోగానే బజారులో ఏ సీసా చవకగా దొరికితే అది తెచ్చి పోసేవాడు. నీలం ఒక రకం, పసుపు ఇంకో రకం. ఎరుపు ఏ రకమో అమ్మినవాడికే తెలియదు. ఒకదానితో ఒకటి పొసగని సిరాలు కడుపులో పెట్టుకుని నేనేం రంగు కలపగలను? పాస్‌పోర్టు ఫోటోలకి వచ్చినవాళ్లంతా నాలోంచి కామెర్లు తగిలినట్టు బయటికొచ్చేవాళ్లు. మిషన్ ముసలిదైపోయిందండీ అని వాళ్లకి సర్దిచెప్పేవాడు ఏడుకొండలు. నాకప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. చివరికి నన్ను అమ్మకానికి పెట్టాడు. మంచి రేటు రావాలని ఆ ముందురోజు మాత్రం లోపలంతా కడిగించి, సరైన సిరా పోయించాడు. ఆ పని మొదటే చేసి ఉంటే నన్ను అమ్మే అవసరమే ఉండేది కాదు కదా అని ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

అలా బాపట్లలో మురళీధర్ ఇంటికి చేరాను. మురళి సహకార బ్యాంకులో గుమాస్తా. ఇంట్లో అతని భార్య హరిత, తల్లి శేషారత్నం. తండ్రి బసవపున్నయ్య అంతకు కొన్ని నెలల ముందే గుండెపోటుతో పోయాడు. నన్ను కొనడానికి కారణం ఆయనే, ఇంకా చెప్పాలంటే గోడకి వేలాడుతున్న ఆయన ఫోటో.

బసవపున్నయ్య కరెంటు లైన్‌మన్. ఏళ్ల తరబడి మిట్టమధ్యాహ్నం ఎండలో స్తంభాలెక్కి దిగిన మనిషి, నిగనిగలాడే నలుపు. పెద్దకర్మకి ఫోటో కావాలని వెళ్తే స్టూడియోవాడు ఆయన మొహాన్ని తెల్లగా పాలిష్ పట్టి, మెడ కింద ఎవరిదో కోటూ టై అతికించి, వెనక నీలం తెర దించి ఇచ్చాడు. చుట్టాలంతా ఎంత కళగా ఉన్నాడో అన్నారు. శేషారత్నం మాత్రం ఆ ఫోటోకి దీపం పెట్టదు, దణ్ణం పెట్టదు. దుఃఖంలో ఉంది కదా అని ఊరుకున్నారు అందరూ. చివరికొక రోజు ఆవిడ కొడుకుతో అసలు సంగతి చెప్పిందట, నన్ను కొనితెచ్చి హాల్లో వీధి గుమ్మం పక్కన బల్ల మీద పెట్టడానికి ఆ మాటలే కారణం.

“నాకు మీ నాన్న మొహం గుర్తు రావట్లేదురా. కళ్లు మూసుకుంటే ఈ కోటాయనే వస్తున్నాడు. ఇంకొన్నాళ్లు ఇట్టా చూస్తే ఆయన నాకు మిగలడు.”

మురళి తల వంచుకున్నాడు. మాఘమాసంలో సంవత్సరీకం, ఆలోపల మంచి ఫోటో పెడదామని మాటిచ్చాడు. మళ్లీ స్టూడియోకి వెళ్తే మళ్లీ ఆ ఖర్చూ, మళ్లీ ఆ తెల్లదనమూను, ఇంట్లోనే చవకలో తీసుకుందామని అతని ఆలోచన. హరిత ఫోన్‌లో మామగారి ఫోటో ఒకటుంది. డ్యూటీ దిగి వచ్చి, ఖాకీ చొక్కాతోనే అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నప్పుడు తీసింది. అది చాలన్నాడు.

అక్కణ్ణించి నా కష్టాలు మొదలయ్యాయి.

ముందు కాగితం. ఫోటో కాగితం ఖరీదని మురళి బ్యాంకు కాగితాలు పెట్టాడు. ఆ కాగితం సిరాని ఇసకలో నీళ్లలా పీల్చేస్తుంది, రంగు మసకబారిపోతుంది. మొహం బూడిద పూసినట్టు వస్తే నన్నే విసుక్కున్నాడు. సరే, ఫోటో కాగితం తెచ్చాడు, తిరగేసి పెట్టాడు. సిరా ఆరక చేతికంతా అంటుకుంది. తిన్నగా పెట్టడం తెలిసేసరికి, పెట్టిన కాగితం ఏ రకమో నాకు చెప్పాలన్న సంగతి మరిచాడు. మామూలు కాగితమనుకుని నేను ఆ లెక్కన సిరా చల్లితే బసవపున్నయ్య చెంపల మీద చారలొచ్చాయి. ఒక్క మాట ఫోన్‌లో మార్చి చెబితే పోయేది. అదేమో చెయ్యడు, నా వీపు మీద అరచేత్తో కొడతాడు.

ఇక పొదుపు. ఈ ఇంట్లో రాత్రి పడుకునే ముందు గోడ స్విచ్‌లన్నీ ఆపేయడం ఆనవాయితీ, లైన్‌మన్ ఇల్లు కదా. నన్ను నా మీట నొక్కి పడుకోబెడితే సిరా కారే మూతిని నేనే కప్పుకుని పడుకుంటాను. గోడ దగ్గర ఠక్కున ఆపేస్తే మూతి తెరుచుకునే ఉండిపోతుంది. తెల్లారేసరికి సిరా ఎండిపోతుంది. పొద్దున దాన్ని వదిలించడానికి సగం సిరా నేనే కక్కుకోవాలి. దీపమంత కరెంటు ఆదా చేయబోయి గ్లాసుడు రంగు కాలవలో పోస్తున్నామని వాళ్లకి ఎవరు చెబుతారు? ఈ మిషన్ సిరా తాగేస్తోందని మాత్రం వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నారు.

దసరాకి ఆయుధపూజ వచ్చింది. బసవపున్నయ్య కటింగ్ ప్లేయరు, నడుం బెల్టు పీట మీద పెట్టారు, వాటి పక్కన నన్నూ కూర్చోబెట్టారు. ఆ గౌరవానికి నాకు కళ్లు చెమర్చాల్సిందే. కానీ శేషారత్నం భక్తిగా బొట్లు పెట్టి, గుప్పెడు కుంకుమ తెచ్చి సరిగ్గా నేను కాగితం మింగే నోటిలో చల్లింది. ఆ తరవాత కార్తీకమాసం దాకా నేను తీసిన ప్రతి ఫోటో మీదా ఎర్రచుక్కలే. బసవపున్నయ్యకి పోయాక ఆటలమ్మ పోసినట్టుంది. మురళి ఈసారి నన్ను తుక్కుకి వేసేద్దామన్నాడు. హరిత అడ్డుపడి, పాత నూలుగుడ్డతో నా నోరంతా ఓపికగా తుడిచింది. ఆ ఇంట్లో నాకు మొదటిసారి జరిగిన వైద్యం అదే.

చుక్కలు పోయాయి గానీ రంగు మాత్రం కుదరలేదు. ఎన్నిసార్లు తీసినా బసవపున్నయ్య పాలిపోయి, నీళ్లలో నానినట్టు వచ్చేవాడు. శేషారత్నం కాగితం అందుకుని చూసేది, బల్ల మీద పెట్టి లోపలికెళ్లిపోయేది. మురళి నా వైపు కోపంగా చూసేవాడు. కారణం నాకు తెలుసు, నోరు లేదు. ఫోటో నాకు పంపేముందు అతను ప్రతిసారీ ఫోన్‌లో వెలుతురు పెంచి తండ్రి మొహాన్ని తేట చేస్తున్నాడు. చిన్నప్పుడు బళ్లో తండ్రి నలుపు మీద పడిన వెక్కిరింతలు ఇంకా మనసులో ఉన్నాయట, భార్యతో ఒకసారి అన్నాడు. అతను పంపినదే నేను తీశాను. పాలు పోసి కాఫీ నల్లగా లేదంటే నేనేం చెయ్యను?

సంవత్సరీకం వారంలో పడింది. బసవపున్నయ్య చెల్లెలు రాజ్యం ఒంగోలు నించి ముందుగానే వచ్చేసింది. ఉన్న ఫోటో బంగారంలా ఉంటే కొత్తదెందుకని ఆవిడ వాదన. ఆ పూటే మురళి తీసిన కొత్త ప్రింటు కూడా వెలవెలబోతూ వచ్చింది. అప్పుడు శేషారత్నం లేచి లోపలికెళ్లి, బీరువాలోంచి మడత పెట్టిన ఖాకీ చొక్కా తెచ్చింది. ఫోటోలో ఆయన వేసుకున్నది అదే.

చీరకి జాకెట్ గుడ్డ కొనడానికి వెళ్లిన ఆడవాళ్లు కొట్లో లైటు కింద చూసింది నమ్మరు. గుడ్డా చీరా పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, ఎండ వెలుగులో ఆనించి చూసి గానీ కొనరు. శేషారత్నం సరిగ్గా ఆ పనే చేసింది. చొక్కా ఒక చేత్తో, నా కాగితం ఇంకో చేత్తో పట్టుకుని నా పక్కనుంచి గుమ్మంలోకి నడిచి, రెండూ కలిపి చూసింది.

“హరితా, ఇట్టా రామ్మా. ఈ చొక్కా చూడు, కాగితంలో చొక్కా చూడు. ఇది వెలిసిపోయింది. చొక్కాయే వెలిస్తే మనిషి వెలవడా?”

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఎన్నాళ్లకి నా పనిని అసలుతో పోల్చిన మనిషి దొరికింది. హరిత ఫోన్ తీసుకుని మొగుడు చేసిన తేటదనమంతా తీసేసింది. పెద్ద కాగితం మీద తీసి పాడుచెయ్యడం ఎందుకని ఒక్క ఫోటో కాగితాన్ని చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీద చొక్కా కాలరూ కాస్త మెడా వచ్చేలా తీయించింది. తడి ఆరేదాకా ఆగి గుమ్మంలోకి తీసుకెళ్లేది. అత్తగారు చొక్కాకి ఆనించి చూసేది. ఎరుపెక్కువైందనేది ఒకసారి. ఇంకోసారి ఇంకొంచెం చిక్కగా ఉండాలనేది. ఎవరూ నా వీపు మీద కొట్టలేదు. నిజం చెప్పొద్దూ, నాకు హాయిగా ఉంది. నా దగ్గర మనిషి రంగు సీసా అంటూ వేరే లేదు. ఆ నలుపులో నా ఆరు రంగులూ కలవాలి, ఏ ఒక్కటి బెట్టు చేసినా మనిషి మారిపోతాడు. చివరికి ఒక ముక్కని మెడ కనబడకుండా మడిచి చొక్కా మీద పెడితే ఎక్కడ పెట్టారో వెతుక్కోవాల్సి వచ్చింది. అప్పుడు పూర్తి ఫోటో తీయమన్నారు.

నేను నెమ్మదిగా తీశాను. ముందు నుదురు వచ్చింది, తరవాత టీ ఆవిరికి కాస్త చిట్లించిన కళ్లు, చెమట మెరుస్తున్న చెంపలు, ఆ ఖాకీ కాలరు. శేషారత్నం కాగితం రెండు చేతులతో అందుకుంది. ఆవిడ బొటనవేలు కాగితం అంచు మీద అటూ ఇటూ కదులుతోంది.

రాజ్యం తొంగిచూసి నిట్టూర్చింది. నలుగురూ వచ్చే చోట అన్నయ్యని ఇంత నల్లగా పెడితే ఏం బాగుంటుందని, కోటు ఫోటోనే ఉంచమని, కాదంటే దీన్నయినా కాస్త తెల్లగా చెయ్యమని మురళిని అడిగింది. మురళి తల్లి వైపు చూశాడు.

“ఎండలో స్తంభాలెక్కి మనల్నందరినీ సాకిన మనిషి రాజ్యం,” అంది శేషారత్నం. “ఆ ఎండ ఆయన ఒంటి మీదే ఉంది. అది తీసేస్తే ఆయనకి ఏం మిగిల్చినట్టు?”

మురళి కోటు ఫోటో దింపి, ఫ్రేములోంచి ఆ కాగితం తీసి, తన చేత్తోనే కొత్తది పెట్టాడు. అద్దం తుడుస్తూ తుడుస్తూ ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

సంవత్సరీకం నాడు ఇల్లంతా జనం. కొందరు ఫోటో చూసి మొహమొహాలు చూసుకున్నారు, ఒకరిద్దరు నా వైపు కూడా చూశారు, మిషన్ బాగా లేదేమోనన్నట్టు. నాకలవాటే. శేషారత్నం ఏడాదిలో మొదటిసారి ఆయన ఫోటో ముందు దీపం పెట్టింది. పెట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే నిలబడింది.

భోజనాలయ్యాక జనం పలచబడ్డారు. రాజ్యం జారిన దండ సర్దడానికి ఫోటో దగ్గరికొచ్చింది. చెయ్యి దండ మీదే ఉండిపోయింది. ఎంతసేపటికీ కదలకపోతే శేషారత్నం వెళ్లి పక్కన నిలబడింది.

“మా నాయన అచ్చం ఇట్టానే ఉండేవాడు వదినా,” అంది రాజ్యం. “ఆయన ఫోటో ఒక్కటీ లేదు మాకు. పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అన్నయ్యలో ఉన్నాడని ఇన్నాళ్లూ చూసుకోలేదు.”

మురళి విన్నాడు. అత్తకీ ఒకటి తీసిస్తానని నా దగ్గరికి వచ్చి మీట నొక్కి, కాగితం పెట్టాడు. పెట్టి, ఆవిడ మొన్న అడిగింది గుర్తొచ్చిందేమో, కాస్త తేటగా చెయ్యమంటావా అత్తా అని అడిగాడు.

“వద్దురా,” అంది రాజ్యం. “మా నాయన్ని మళ్లీ పోగొట్టబాక.”